పేరు లేని గాలాల అంగడి, ఆరున్నర అడుగుల రాడ్డు

బెంగళూరు శివాజీనగర్‌లో రస్సెల్ మార్కెట్ వెనక, ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే దుకాణం పక్కన, ఒక మనిషి మాత్రమే పట్టేంత సన్నని మెట్లు ఉన్నాయి. ఎక్కి పైకి వెళ్తే గుమ్మం మీద చెక్క బోర్డు కనిపిస్తుంది. దాని మీద పేరు లేదు. నీలం రంగు వెలిసిపోయిన చేప బొమ్మ ఒక్కటే ఉంది. చుట్టుపక్కల వాళ్ళు గాలాల అంగడి అంటారు. అక్కడ చేయించుకున్న ఆరున్నర అడుగుల ఫ్లై రాడ్డును, అంటే పురుగులా కట్టిన తేలికపాటి ఎరను విసిరే గాలపు కర్రను, మూడు నెలలు బెంగళూరులోనూ, పది రోజులు అమెరికాలోని వర్జీనియా కొండల్లోనూ వాడి చూశాక ఇది రాస్తున్నాను. చిన్న వాగుల్లో, చెట్ల కొమ్మల కింద, జానెడు చేపల కోసం వెళ్ళేవారికి ఇంతకన్నా మంచి రాడ్డు నేను చూడలేదు. పెద్ద నదికి వెళ్ళేవారు మాత్రం దీన్ని కొనవద్దు.

మాది కోనసీమ. చిన్నప్పుడు తాతయ్య వెంట కాలువ గట్టుకు వెళ్ళి, వెదురు కర్రకు దారం కట్టి, నెమలి ఈక కాడను బెండుగా వేసి, వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. జెల్లలు పడేవి, మట్టగిడసలు పడేవి. పెళ్ళయి బెంగళూరు వచ్చాక ఇరవై ఆరేళ్ళు గాలం ముట్టుకోలేదు. వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో ఉండే మా తమ్ముడు ఒకరోజు ఒక ఫొటో పంపాడు. తడి అరచేతిలో చిన్న చేప. వీపు మీద ముదురు ఆకుపచ్చలో లేత గీతలు, చెదపురుగులు చెక్క మీద గీసిన దారుల్లాగా. పక్కల ఎర్రటి చుక్కలు, ఒక్కొక్క చుక్క చుట్టూ నీలి వలయం. పొట్ట కింది రెక్కలు నారింజ రంగు, వాటి అంచున సున్నం గీసినట్టు తెల్లటి గీత, ఆ గీత వెనకే నల్లటి గీత. ‘బ్రూక్ ట్రౌట్ అక్కా, ఇక్కడి వాగుల్లో పుట్టి పెరిగిన చేప. మే నెలలో రా, నీతో పట్టిస్తాను’ అన్నాడు. బ్రూక్ అంటే వాగే. పేరులో ట్రౌట్ అని ఉన్నా ఇది చార్ అనే జాతి చేప అనీ, ఉత్తర అమెరికా తూర్పు భాగం దీని పుట్టిల్లు అనీ తర్వాత తెలుసుకున్నాను.

అక్కడికి వెళ్ళాక నేర్చుకుంటే ఉన్న పది రోజులూ నేర్చుకోవడానికే సరిపోతాయని, ఇక్కడే మొదలుపెట్టాలనుకున్నాను. ముందు ఇంటర్నెట్‌లో ఒక సెట్టు తెప్పించాను. తొమ్మిది అడుగుల రాడ్డు, ఆరో నంబరు (అదేమిటో తర్వాత చెప్తాను), లైను అనే దారం, దాన్ని చుట్టుకునే రీలు, ఒక డబ్బా నిండా ఫ్లైలనే ఎరలు, అన్నీ కలిపి నాలుగున్నర వేలు. రెండో ఆదివారం మా అపార్టుమెంటు మేడ మీద విసురుతుంటే కొస భాగం ఫట్టున విరిగింది. అమ్మినవాళ్ళు తప్పు నాదేనన్నారు. విరిగిన ముక్కలు పట్టుకుని బాగుచేసేవారి కోసం వెతుకుతుంటే, రస్సెల్ మార్కెట్‌లో నాకు ఎప్పుడూ చేపలు అమ్మే ఆమె ఈ మెట్లు చూపించింది.

అంగడి చిన్న గది. ఒక గోడంతా సముద్రంలో గాలం వేసేవారి సామాను, ఇంకో గోడకు బొచ్చె, రోహు పట్టేవారి కొక్కేలు, సీసపు గుండ్లు, బెండ్లు. ఫ్లై ఫిషింగ్‌కు దొరికింది కిటికీ పక్క మూల మాత్రమే. ఆ కిటికీ దగ్గర యజమాని కూర్చుని రాడ్డుకు దారం చుడుతూ ఉంటారు. డెబ్బై దాటిన మనిషి. కోలారు వైపు వారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. నా విరిగిన రాడ్డును వెలుతురుకు ఎత్తి చూసి, అతికించవచ్చు కానీ అతికించినా దీనితో మీ పని కాదన్నారు. నా పని ఏమిటో ఇంకా చెప్పనేలేదు. అదే మాట ఆయనతో అంటే, ‘చెప్పండి మరి, చేప ఎక్కడుంది?’ అని అడిగారు.

ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అంతకుముందు నేను మాట్లాడిన ప్రతి అమ్మకందారూ ఎంత ఖర్చు పెట్టగలరు అనే అడిగారు. ఈయన అడిగినవి వేరు. వాగు వెడల్పు ఎంత? పైన కొమ్మలు కమ్ముకుని ఉంటాయా, ఆకాశం కనిపిస్తుందా? చేప ఎంత ఉంటుంది? నీళ్ళలో దిగి నడుస్తారా, ఒడ్డునే నిలబడతారా? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. సాయంత్రం ఏడు అవుతోంది, అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. తమ్ముడికి ఫోను కలిపి ఆయన చేతికిచ్చాను. ఇద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. వెడల్పు పన్నెండు నుంచి పదిహేను అడుగులు, చెట్లు రెండు వైపుల నుంచీ పందిరి వేసినట్టు ఉంటాయి, చేప జానెడు దాటితే గొప్ప, నీళ్ళు మోకాలి లోతు. ఫోను పెట్టేసి ఆయన పాత నోటుబుక్కు తీశారు. ‘తొమ్మిది అడుగుల రాడ్డు పట్టుకుని ఆ పందిట్లోకి వెళ్తే చేపలకు బదులు ఆకులు పడతాయమ్మా. ఆరున్నర అడుగులు చాలు. మూడో నంబరు. గాజు పీచుది.’

నంబరు అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. నేను దాదాపు నెల రోజులు అర్థంకాక తిరిగాను. మన గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ చుట్టి పురుగులా చేసిన ఎర. దానికి బరువే ఉండదు, దూదిపింజను విసిరినట్టే. అందుకని ఇక్కడ లైనుకే బరువు పెడతారు. చర్నాకోల ఝళిపిస్తే తోలు పట్టీ ఎలా ముందుకు చుట్టలు విప్పుకుంటూ వెళ్తుందో, లైను అలా వెళ్ళి చివరనున్న ఎరను దించుతుంది. లైను మొదటి 30 అడుగుల బరువును బట్టి నంబరు ఇస్తారు. మూడో నంబరు అంటే సుమారు ఆరున్నర గ్రాములు, ఐదో నంబరు తొమ్మిది గ్రాములు. రాడ్డు మీద రాసే నంబరు, ఏ లైను బరువుకు ఆ రాడ్డు సరిగ్గా వంగుతుందో చెబుతుంది.

ఆయన దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళారు. నంబరు లెక్క 30 అడుగుల లైనుకు. పన్నెండు అడుగుల వాగులో రాడ్డు కొస దాటి బయట ఉండే లైను పది అడుగులకు మించదు. అంటే రెండు గ్రాములు. గ్రాఫైటుతో చేసిన గట్టి రాడ్డు రెండు గ్రాములకు వంగదు, వంగకపోతే విసరదు. చేసేది లేక మనం చేత్తో బలం పెడతాం, లైను ముద్దగా పడుతుంది, చేప పారిపోతుంది. గాజు పీచు, అంటే ఫైబర్‌గ్లాస్, మెత్తన, రెండు గ్రాములకే పిడి దాకా స్పందిస్తుంది. ఆ పైన మూడో నంబరు రాడ్డుకు నాలుగో నంబరు లైను వేయమన్నారు, దగ్గరి విసురులో ఆ కొంచెం ఎక్కువ బరువు తోడవుతుందని. ఇది ఆయన కనిపెట్టింది కాదు, చిన్న వాగుల వాళ్ళు చాలామంది పాటించేదే. కానీ నా చేతికి ఒకసారి మూడో నంబరు లైనుతో, ఒకసారి నాలుగో నంబరు లైనుతో రాడ్డునిచ్చి, కళ్ళు మూసుకుని ఊపి చెప్పమన్నది మాత్రం ఈయనే. తేడా మణికట్టుకే తెలిసింది.

రాడ్డు నాలుగు ముక్కలు. విడదీస్తే రెండడుగులలోపు గొట్టంలో పడుతుంది, విమానంలో పెట్టెలోకి చక్కగా వెళ్ళింది. గాజు పీచు గొట్టం బయటి దేశం నుంచి తెప్పించినది. లైను వెళ్ళే రింగులు, వాటిని కట్టే దారం, వార్నీషు, కార్కు పిడి, అన్నీ ఆయన చేత్తోనే. దారం ముదురు ఆకుపచ్చ కావాలన్నాను, చేప వీపు రంగులో. పిడి నా అరచేతికి సన్నగా అరగదీశారు. ఆడవాళ్ళ చేతికి తగ్గ పిడి కావాలని అడగాల్సిన పనే లేకపోయింది. మొదటి రోజే నా చేయి కాగితం మీద పెట్టించి పెన్సిలుతో గీసుకున్నారు. రాడ్డు 11,500 రూపాయలు. లైను 4,200. రీలు కొత్తది చూపించమంటే వద్దన్నారు. జానెడు చేపను రీలుతో లాగరు, ఎడమ చేత్తో లైను లాగితే వచ్చేస్తుంది, ఇక్కడ రీలు దారపు కండె లాంటిది అని చెప్పి, పాతది ఒకటి నూనె వేసి 1,800కు ఇచ్చారు. ఆ మాట ఎంత నిజమో వర్జీనియాలో చూశాను. పది రోజుల్లో ఒక్క చేపకు కూడా రీలు తిప్పే అవసరం రాలేదు.

ఎత్తి చూపాల్సిన లోపాలూ ఉన్నాయి. నాలుగు వారాలన్న రాడ్డు ఏడు వారాలకు వచ్చింది. మధ్యలో రెండుసార్లు వెళ్తే అంగడి మూసి ఉంది, తెరిచే వేళలు చెప్పే కాగితం కూడా తలుపు మీద లేదు. ఇందిరానగర్ నుంచి ఆ ట్రాఫిక్‌లో వెళ్ళి తాళం చూసి తిరిగి రావడం చిన్న కష్టం కాదు. పిడిలోని కార్కులో అక్కడక్కడా గుంటలకు పూడ్చిన పిండి రెండు నెలల్లో రాలింది. డబ్బు నగదుగా ఇవ్వాలి. లీడర్లు, అంటే లైనుకూ ఎరకూ మధ్య కట్టే, కొసకు పోనుపోను సన్నబడే దారాలు, ఆయన దగ్గర ఒకటే రకం, అదీ తొమ్మిది అడుగులది. ఆరున్నర అడుగుల రాడ్డుకు అది పొడుగు. ఏడున్నర అడుగుల లీడరు నాకు వర్జీనియాలోనే దొరికింది. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ మెట్లు కష్టం.

ఇక పాఠం సంగతి. రాడ్డు కొన్నవారికి రెండు ఆదివారాలు నేర్పిస్తారు, దానికి వేరే డబ్బు తీసుకోరు. అంగడి పైన మేడ ఉంది. పొద్దున ఆరున్నరకే రమ్మన్నారు, ఎండ ఎక్కకముందు. కొక్కెం కట్టలేదు, ఎర్ర ఊలు ముక్క కట్టారు. పదిహేను అడుగుల దూరంలో స్టీలు పళ్ళెం పెట్టి, ఊలు పళ్ళెంలో పడాలన్నారు. నేను దూరం విసరాలని చూస్తున్నాను. వీడియోలలో అందరూ అరవై, డెబ్బై అడుగులు విసురుతుంటే అదే విద్య అనుకున్నాను. ‘అరవై అడుగులు మీకెందుకమ్మా? మీ చేప పదిహేను అడుగుల్లో ఉంది. దాని ముందు చప్పుడు లేకుండా దించండి’ అన్నారు. తడి చేతి నీళ్ళు విదిలించేటప్పుడు చేయి ఎక్కడ ఠక్కున ఆగుతుందో గమనించమన్నారు. ఆపడమే విసరడమట. వెనక్కి తీసినప్పుడు చెవి దాటకుండా ఆపాలి, లైను వెనక పూర్తిగా చాచుకునేదాకా ఓపిక పట్టాలి, అప్పుడు ముందుకు. రెండో ఆదివారం పదికి ఏడు పళ్ళెంలో పడ్డాయి. పది పడేదాకా వాగు దగ్గరికి వెళ్ళొద్దన్నారు. మిగతా మూడూ ఇంటి మేడ మీద నెల రోజుల్లో సాధించాను.

తర్వాత వెనక చోటు లేనప్పుడు ఏం చేయాలో నేర్పారు. మేడ మీద బట్టలారేసే తీగలకు రెండు పాత దుప్పట్లు వేలాడదీసి, వాటి మధ్య నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఎడమ చేతి వేళ్ళతో ఊలు ముక్కను పట్టుకుని, రాడ్డును విల్లులా వంచి, వదిలేయడమే. బాణం విసురు అంటారు. లైను దుప్పట్లకు తగలకుండా సూటిగా వెళ్ళి పడుతుంది. గట్టి రాడ్డుతో ఇది కుదరదు, వంచితే ఎక్కడ విరుగుతుందో అని భయం. ఈ రాడ్డు చెరకు మొవ్వులా ఒదిగి వంగింది. ఆ ఒక్క విసురు కోసమైనా ఈ రాడ్డుకు ఆ ధర ఇవ్వవచ్చు.

ఏప్రిల్‌లో హోసకోటె దగ్గర తెలిసినవారి తోట చెరువులో తొలిసారి కొక్కెం కట్టాను. ఇక్కడ జిలేబి అని పిలిచే తిలాపియాలు ఆరు పడ్డాయి. వాటి కోసం ఆయన కట్టి ఇచ్చిన ఫ్లైలలో నెమలి ఈక పోగులు ఉన్నాయి. ఎండలో ఆకుపచ్చగా, రాగి రంగుగా మెరుస్తాయి. చెరువుకే వాడండి, విమానం ఎక్కించకండి అని గట్టిగా చెప్పారు. నెమలి ఈకల ఎగుమతికి మన దేశంలో నిషేధం ఉంది. అసలు పక్షి ఈకలతో చేసినవేవీ సరిహద్దు దాటించవద్దని, అక్కడి ఫ్లైలు అక్కడే కొనుక్కోమని డబ్బా ఖాళీ చేసి పంపారు. పన్నెండు ఫ్లైలు అమ్ముకునే అవకాశాన్ని చేతులారా వదులుకున్న మనిషిని నేను గౌరవిస్తాను. ఇంకొకటి కూడా కళ్ళారా చూశాను. కావేరి అభయారణ్యంలోకి దొంగతనంగా వెళ్ళి మహసీరు అనే పెద్ద నది చేపను పట్టాలని బలమైన రాడ్డు అడిగిన ఇద్దరు కుర్రవాళ్ళకు ఏమీ అమ్మకుండా పంపేశారు. కావేరిలో ఉండే ఆ మూపురం మహసీరుకు శాస్త్రజ్ఞులు సరైన శాస్త్రీయ నామం నిర్ధారించింది 2018లో మాత్రమే. పేరు దొరికేనాటికే అది అంతరించిపోయే అంచున ఉంది. అంగడి గోడ మీద ఆ చేపతో ఆయన పడుచుతనపు ఫొటో ఉంది. మహసీరు గురించి ఎవరైనా అడిగితే ఆ ఫొటో చూపించి ఊరుకుంటారు.

మే రెండో వారంలో వర్జీనియా చేరాను. షెనండోవా నేషనల్ పార్కులో స్కైలైన్ డ్రైవ్ అనే కొండ మీది రోడ్డు ఉంది, 105 మైళ్ళు. 52.8వ మైలు దగ్గర మైలమ్ గ్యాప్‌లో కారు ఆపి, మిల్ ప్రాంగ్ అనే వాగు వెంట రెండు మైళ్ళు దిగాం. కింద అది లారెల్ ప్రాంగ్ అనే ఇంకో వాగుతో కలిసి రాపిడాన్ నది అవుతుంది. ఆ కలయిక దగ్గరే అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ 1929లో విడిది కట్టించుకున్నాడు. వాషింగ్టన్‌కు వంద మైళ్ళలోపు ఉండాలి, దోమలు లేకుండా 2,500 అడుగుల ఎత్తు ఉండాలి, ట్రౌట్ ఉన్న వాగు ఒడ్డున ఉండాలి అన్నవి ఆయన పెట్టిన షరతులు. ఆయన బస చేసిన చెక్క ఇంటి పేరు బ్రౌన్ హౌస్, ఇప్పటికీ ఉంది. వాగుకు అంత దగ్గరగా ఇల్లు ఉంటే దేశం ఏలడం ఎలా సాధ్యమైందో నాకు తెలియదు. నేనైతే గడప దాటి నేరుగా నీళ్ళలోకే దిగేదాన్ని.

తమ్ముడు ముందు నీళ్ళలో ఉష్ణమాపిని పెట్టాడు. 13 డిగ్రీలు. 20 డిగ్రీలు దాటితే ఈ చేపకు ఊపిరి కష్టం, అప్పుడు పట్టి వదిలినా చచ్చిపోవచ్చు, అందుకని వేసవి మధ్యలో తాను రాడ్డు బయటికే తీయనని చెప్పాడు. ఆ కొండల్లో వాగులకు నీడనిచ్చే హెమ్లాక్ చెట్లను ఆసియా నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు చాలా మటుకు చంపేసింది. మోడులు ఇంకా కనిపిస్తున్నాయి. నీడ పోతే నీళ్ళు వేడెక్కుతాయి. అదీగాక అమెరికా పడమటి వైపు నుంచి తెచ్చిన రెయిన్‌బో ట్రౌట్, యూరప్ నుంచి తెచ్చిన బ్రౌన్ ట్రౌట్ కింది వాగుల్లో ఇల్లు కట్టుకుని, ఈ సొంతూరి చేపను పైపైకి తరిమాయి. మన నీలగిరుల్లో బ్రిటిషువాళ్ళు తెచ్చి వదిలింది కూడా ఆ రెయిన్‌బోనే. ఊటీకి వెళ్ళినప్పుడు దాన్ని గొప్పగా చూసిన నాకు, అదే చేప ఇంకో చోట ఇంకొకరి ఇల్లు ఆక్రమించిందని వింటే మనసు కలుక్కుమంది.

ఆ పార్కులో వానపాము ఎర పనికిరాదు. కృత్రిమ ఎర, ఒకే కొన ఉన్న కొక్కెం, అంతవరకే అనుమతి. తమ్ముడు కొక్కేల కొసన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును కూడా పట్టకారుతో నొక్కేశాడు, చేప నోరు చిరగకుండా వదలడానికి. నాకు రెండు రకాల ఫ్లైలు ఇచ్చాడు. ఒకటి ఆడమ్స్. 1922లో మిషిగన్‌లో లెనర్డ్ హలడే అనే ఆయన కట్టినది. మా వైపు డేగ అనే ఎర్ర పుంజు ఈక ఒకటి, నలుపు తెలుపు చారల పుంజు ఈక ఒకటి కలిపి చుడతారు. రెండోది ఈ నది పేరే పెట్టుకున్న మిస్టర్ రాపిడాన్. దాని తల మీద పసుపు కుచ్చు ఉంటుంది, నీడలో మన కంటికి కనబడేందుకు. నా వయసు కళ్ళకు అదే నచ్చింది.

మొదటి మడుగు దగ్గర నిలబడే విసరబోయాను. నా నీడ నీళ్ళ మీద పడగానే మూడు నల్లటి గీతలు రాతి కిందికి దూసుకుపోయాయి. రెండో మడుగులో ఫ్లై సరిగ్గానే పడింది కానీ లైను వేగపు నీళ్ళ మీద వాలి దాన్ని పడవలా ఈడ్చుకుపోయింది. పురుగు అలా పోదని చేపకు తెలుసు. మూడో మడుగు ఒక బండ వెనక, పైన లారెల్ అనే పొదల కొమ్మలు ముఖానికి తగిలేంత కిందికి ఉన్నాయి. చాప పరిచినంత చోటు. మోకాళ్ళ మీద కూర్చుని, పసుపు కుచ్చు ఫ్లైని వేళ్ళతో పట్టుకుని, రాడ్డును వంచి వదిలాను. లైను కొమ్మల కింద నుంచి సూటిగా వెళ్ళింది. ఫ్లై బండ అంచున తాకి నీళ్ళలో జారింది. రెండు అంగుళాలు కూడా పోలేదు, నీరు చిట్లింది. చేయి ఎత్తాను. రాడ్డు పిడి దాకా వంగి, లోపల బతికున్న ప్రాణి ఏదో కొట్టుకుంటున్నట్టు అరచేతిలో అదురు. చిన్నప్పుడు వెదురు కర్రలో తెలిసిన అదురే అది, ఇరవై ఆరేళ్ళ తర్వాత.

చేతులు తడుపుకుని పట్టుకున్నాను. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పోతుంది. జానెడు కన్నా కొంచెం తక్కువ. ఫొటోలో చూసిన నీలి వలయాలు ఎదురుగా ఇంకా ముదురుగా ఉన్నాయి. నీళ్ళలోనే ఉంచి కొక్కెం జార్చాను. నా వేళ్ళ మధ్య ఒక క్షణం ఆగి, తోక ఒక్కసారి ఆడించి, గులకరాళ్ళలో కలిసిపోయింది. అది ఎటు వెళ్ళిందో చూస్తూనే ఉన్నా కనిపించలేదు. ఇంతకుముందు పట్టిన ప్రతి చేపనూ మేము వండుకున్నాం, అందులో తప్పేమీ లేదు. దీన్ని మాత్రం దాని ఇంట్లోనే వదలాలనిపించింది.

రెండు రోజుల్లో ఆ వాగులో ఏడు చేపలు పట్టి వదిలాను. కొమ్మల్లో తొమ్మిది ఫ్లైలు పోయాయి. రాడ్డు మెత్తదనం వల్ల, 0.15 మిల్లీమీటర్ల కొస దారం ఒక్కసారి కూడా చేప బరువుకు తెగలేదు. గట్టి రాడ్డు కుదుపుకు అలాంటి దారం తెగుతుంది, తమ్ముడి రాడ్డుకు రెండుసార్లు తెగింది. మధ్యాహ్నానికి భుజం నొప్పి లేదు, మణికట్టు అలసట లేదు.

ఆఖరి రోజుల్లో ఒకరోజు కింద వెడల్పాటి నదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఈ రాడ్డు చేతులెత్తేసింది. గాలి ఎదురుగా ఉంది, ముప్పై అయిదు అడుగులు దాటి విసరలేకపోయాను, బరువైన ఫ్లై కడితే లైను కుప్పగా కూలింది. ఆ రోజంతా తమ్ముడి రాడ్డే వాడాను. ఈ సంగతి అంగడి ఆయన ముందే చెప్పారు. పెద్ద నదికి ఇంకోటి కావాలి, అది నా దగ్గర కొనక్కర్లేదు, ఫ్యాక్టరీవి బాగుంటాయి అన్నారు.

తిరిగి వచ్చాక, జూన్‌లో, పిడిలో రాలిన పిండి సరిచేయించుకోవడానికి వెళ్ళాను. డబ్బు తీసుకోలేదు, అక్కడే కూర్చోబెట్టి కార్కు పొడి జిగురులో కలిపి పూడ్చారు. ఫొటోలు చూపించబోతే, ‘నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి?’ అని ముందు అది అడిగారు. పదమూడు అన్నాను. నోటుబుక్కు తీశారు. ఆయన చేసిన ప్రతి రాడ్డుకూ అందులో ఒక వరుస ఉంది: వరుస సంఖ్య, పొడవు, నంబరు, ఎవరిది, ఏ నీళ్ళు. నాది 64. చివరి గడి ఖాళీగా ఉంది. పేరు రెండుసార్లు పలికించుకుని, మిల్ ప్రాంగ్, రాపిడాన్, 13 డిగ్రీలు అని తెలుగులో రాసుకున్నారు. ఫొటోలు ఆ తర్వాత చూశారు, ఒక్కొక్కటీ చాలాసేపు.

తమ్ముడి కూతురికి పదకొండేళ్ళు. ఆ పిల్ల అరచేయి గీసిన కాగితం నా సంచీలోనే ఉంది, తీసి ఇచ్చాను. ఆరడుగుల రాడ్డు చాలన్నారు, దారం రంగు ఆ పిల్లనే అడిగి చెప్పమన్నారు. ఇప్పుడు పది వారాలు పడుతుందట. అడ్వాన్సు రెండు వేలు, నగదు. వెళ్ళేవారు సాయంత్రం అయిదు తర్వాత వెళ్ళండి, అప్పుడైతే తాళం ఉండదు.